బావగారి చేనులో రోడ్డు పడింది, మా తోట పక్క నుంచి పోయింది. ఈ కడుపుమంట పోయేదెట్లా?

గుడిపాల కోడలు:
అందరికీ వందనాలు. మాది చిత్తూరు దగ్గర గుడిపాల వైపు. మా మామగారు ఉన్నప్పుడే అన్నదమ్ములిద్దరికీ పొలం పంచి రిజిస్టర్ చేయించారు. బావగారికి కింది చేను, మాకు పైన తోతాపురి మామిడి తోట. చెట్లు కాపు మీద ఉన్నాయి కాబట్టి మంచి భాగం మాకే వచ్చిందని అప్పుడు ఊరంతా అన్నారు. తర్వాత బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. బావగారి చేను చాలావరకు అందులో పోయింది, పరిహారం వాళ్ల ఖాతాలో పడింది. సర్వే రాళ్లు మా గట్టు దాకా వచ్చి పక్కకు తిరిగాయి.

వాళ్లు మురకంబట్టులో ఇల్లు కట్టారు, కారు కొన్నారు. మా సంగతి చెప్పాలంటే 2025 సీజన్ ఒక్కటి చాలు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, తాము 4 రూపాయలు కలుపుతామని ప్రభుత్వం చెప్పింది. కానీ కాయ దించితే కదా రేటు! మా ఆయన ట్రాక్టర్‌తో గేటు ముందు లైన్లో పడుకున్నాడు. లోడు దించేసరికి అడుగు కాయలు నలిగి, రసం ట్రాలీ సందుల్లోంచి టైర్ల మీదికి కారుతోంది, ఈగలు ముసురుకున్నాయి. వచ్చింది కోత కూలికి, బాడుగకు సరిపోయింది.

ఆ తర్వాత ఒక ఆదివారం చర్చిలో బావగారు లేచి, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పారు. దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, తప్పకుండా ఇచ్చినందుకు దేవుడు ఆకాశపు వాకిళ్లు తెరిచాడని. అందరూ హల్లెలూయా అన్నారు, నాకు నోరు పెగల్లేదు. దశమభాగం మేమూ ఇస్తున్నాం కదా!

మా అక్క, అంటే మా తోడికోడలు, చాలా మంచిది. క్రిస్మస్‌కు నాకు పట్టుచీర పెట్టింది. అది కవర్లోంచి తీయకుండా బీరువాలో పెట్టేశాను. కట్టుకోవాలంటే చెయ్యి రాదు. లేనివాళ్లను చూసి తృప్తిపడమంటారు. చూశాను, జాలి కలిగింది గానీ మంట తగ్గలేదు. నాకు డబ్బు వచ్చే మార్గం చెప్పొద్దు. వాళ్లింటికి వెళ్లి నిండు మనసుతో ఒక కప్పు కాఫీ తాగి రావాలి, అంతే.

విశ్వాస వీరుడు:
సిస్టర్, ప్రైజ్ ది లార్డ్. టెన్షన్ పడొద్దు. మీ వంతు వస్తుంది. వాళ్లకు ఇచ్చిన దేవుడు మీకు రెట్టింపు ఇస్తాడు, విశ్వాసంతో కనిపెట్టండి.

రిటైర్డ్ టీచర్, కొర్లగుంట, తిరుపతి:
పై తమ్ముడు మంచి మనసుతోనే రాశాడు, కానీ ఒప్పుకోలేను. రెట్టింపు వస్తేనే తగ్గే మంట, పక్కింటికి మూడింతలు వచ్చిన రోజు మళ్లీ లేస్తుంది.

అమ్మా, నీలాంటి సంగతే బైబిల్లో లూకా సువార్త 12వ అధ్యాయంలో ఉంది. ఒకాయన వచ్చి, ఆస్తిలో నా భాగం ఇమ్మని నా సహోదరుడికి చెప్పమని యేసును అడిగాడు. ప్రభువు ఆ పంచాయితీలో కూర్చోలేదు. "ఒకని కలిమి విస్తరించుట వాని జీవమునకు మూలము కాదు" అన్నాడు. మీ పంపకంలో మోసం జరగలేదు కాబట్టి అడగాల్సిన న్యాయం కూడా ఏమీ లేదు. మోసం జరిగి ఉంటే అడగమనే చెప్పేదాన్ని. తృప్తి పేరుతో అన్యాయం భరించమని నేనెవరికీ చెప్పను.

ఇక 73వ కీర్తన. అది ఆసాపు కీర్తన, ఆయన దావీదు రాజు నియమించిన గాయకుడు. అంతటివాడు "గర్వించువారినిబట్టి నేను మత్సరపడితిని" అని దేవుని ముందు విప్పి చెప్పుకున్నాడు. చివరికి ఆయన చేతికి ఒక్క పైసా అదనంగా రాలేదు. "నీవు నాకుండగా లోకములోనిది ఏదియు నాకక్కరలేదు" అనే దగ్గరికి మాత్రం వచ్చాడు. నువ్వూ ఆ చీర సంగతి, సాక్ష్యం సంగతి పేర్లు పెట్టి ప్రార్థనలో చెప్పు. పైపై మాటలు వద్దు. ఒక్క జాగ్రత్త, ఆ కీర్తనలోని భక్తిహీనుల చోట మీ బావగారిని కూర్చోబెట్టకు.

తృప్తి ఒక్క రాత్రిలో రాదు. పౌలు ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాసింది ఖైదులోంచి. కలిగినప్పుడు ఎలా ఉండాలో, లేనప్పుడు ఎలా ఉండాలో అంత పెద్ద అపొస్తలుడు కూడా నేర్చుకోవాల్సి వచ్చింది.

నగరి అబ్బాయి:
అక్కా, నేను అవతలి పక్క మనిషిని. చిత్తూరు-తచ్చూరు ఆరు లైన్ల రోడ్డులో మా చేను పోయింది. 2013 భూసేకరణ చట్టం కింద మార్కెట్ విలువ కట్టి, దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే భూమి పోయిన బాధకు అదనపు సొమ్ము, కలుపుతారు. అందుకే అంకె పెద్దగా కనిపిస్తుంది. కానీ అది భూమి పోయినందుకు ఇచ్చే డబ్బు. మా నాన్న ఇప్పటికీ తెల్లవారి లేచి చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడతాడు, పోవడానికి చేను లేదు. డబ్బు వచ్చాక బంధువులు రెండు రకాలయ్యారు. అప్పు అడిగేవాళ్లు కొందరు, ముఖం చాటేసేవాళ్లు కొందరు. మామూలుగా వచ్చి కూర్చునేవాళ్లు కరువయ్యారు. మీ అక్క ఆ చీర ఎందుకు పెట్టిందో నాకు అర్థమవుతోంది. మీరు వెళ్లండి.

గుడిపాల కోడలు:
తమ్ముడూ, బావగారికి కూడా చేను పోయిందన్న ఆలోచనే నాకు రాలేదు. చిన్నప్పటి నుంచి ఆయన దున్నిన నేల అది. టీచరమ్మా, ప్రార్థన అట్లాగే చేస్తాను. ఆ సాక్ష్యం మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది. పంట పోయినవాళ్లు మా సంఘంలో చాలామంది ఉన్నారు, వాళ్లంతా ఏమనుకోవాలి? పాస్టర్ గారితో మాట్లాడొచ్చా?

రిటైర్డ్ టీచర్, కొర్లగుంట, తిరుపతి:
తప్పకుండా మాట్లాడు. మీ బావగారి మీద ఫిర్యాదులా కాకుండా, పంట పోయిన రైతుల తరఫున అడుగు. రోడ్డు ఎటు పడాలో దశమభాగాన్ని బట్టి తేలదని పాస్టర్ గారికీ తెలుసు. నువ్వే ఒక ఆదివారం లేచి బైబిల్లోని హబక్కూకు గ్రంథం 3వ అధ్యాయం 17, 18 వచనాలు చదువుతానని చెప్పు. "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అన్న మాట, ఆ తర్వాత "నేను యెహోవాయందు ఆనందించెదను" అన్న మాట రెండూ అక్కడే ఉన్నాయి. ట్రాక్టర్ లైన్లో పడుకున్న ఇంటి మనిషి చదివితే సంఘం వింటుంది. కుదిరితే చదివే ముందే మీ అక్కకు ఒక మాట చెప్పు, వాళ్లను ఎత్తిపొడిచినట్టు అనుకోకుండా ఉంటుంది.