బోన్‌హామ్ దగ్గర 14 ఎకరాలు, బడ్జెట్ 20 వేల డాలర్లు: ఏ సైడ్ బై సైడ్ కొనాలి?

నల్లగొండ టు ఫ్రిస్కో:

అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి పద్నాలుగు నెలలైంది. నేనూ మా బావగారూ కలిసి టెక్సస్‌లో బోన్‌హామ్ వైపు 14 ఎకరాలు కొన్నాం. సగం గడ్డి, సగం ముళ్ళ చెట్లు, మధ్యలో చిన్న చెరువు. చుట్టూ కంచె వేయాలి, ఓ వంద పండ్ల మొక్కలు పెట్టాలి, మేకలు తేవాలి. అక్కడ తిరగడానికి, సామాను మోయడానికి సైడ్ బై సైడ్ బండి (పక్కపక్కన సీట్లు, వెనక సామాను తొట్టి ఉండే, రోడ్డు లేనిచోట తిరిగే చిన్న నాలుగు చక్రాల బండి) తీసుకోమని పక్క పొలం ఆయన చెప్పాడు. పనిలో పనిగా నెలకోసారి పిల్లల్ని ట్రెయిల్ రైడింగ్‌కి, అంటే అడవి బాటల్లో తిప్పడానికి కూడా తీసుకెళ్ళొచ్చని ఆశ.

షోరూమ్‌లకి వెళ్తే ఒకాయన ఆరు సీట్లది చూపించాడు, ఇంకొకాయన రేసు కారులా ఉన్నది చూపించాడు. ధరలు 14 వేల డాలర్ల నుంచి 35 వేల దాకా చెప్తున్నారు. వీడియోలు చూసి చూసి తల తిరిగిపోతోంది. ఊళ్ళో ట్రాక్టర్ తోలాను తప్ప ఇలాంటివి ఎప్పుడూ ముట్టుకోలేదు. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త దారి చూపించండి.

వెదర్‌ఫర్డ్ బాబాయ్:

తమ్ముడూ, ముందు భూమి కొన్నందుకు అభినందనలు. బ్రాండ్ సంగతి పక్కన పెట్టి ఒక కాగితం తీసుకో. వచ్చే ఏడాదిలో ఆ బండితో చేసే పనులన్నీ రాయి. కంచె గుంజలు, కాంక్రీటు బస్తాలు, మొక్కలకి నీళ్ళు, మేకల దాణా, నరికిన కొమ్మలు. పక్కనే ట్రెయిల్‌కి వెళ్ళే రోజులు రాయి. నెలకోసారి అంటున్నావు కానీ మొదటి ఏడాది మూడుసార్లు వెళ్తే గొప్ప. నేనూ అలాగే అనుకున్నవాణ్ణే. కొనేది ఆ మొదటి జాబితా కోసం కొను. ట్రెయిల్ రోజున అక్కడే అద్దెకి దొరుకుతాయి.

పని బండ్లలో నువ్వు ఎక్కువగా వినే పేర్లు పొలారిస్ రేంజర్, కాన్-యామ్ డిఫెండర్, హోండా పయనీర్, కవాసాకి మ్యూల్, కుబోటా ఆర్‌టీవీ. రేంజర్ ఎక్స్‌పీ 1000, డిఫెండర్ హెచ్‌డీ10 రెండూ 82 హార్స్‌పవర్, వెనక సామాను వేసే బెడ్‌లో 1,000 పౌండ్లు, లాగడానికి 2,500 పౌండ్లు. వెయ్యి పౌండ్లంటే మన 45 కిలోల యూరియా బస్తాలు పది అనుకో. అయితే కాగితం మీద పేలోడ్ అని ఇంకో అంకె ఉంటుంది, దాన్నీ చూడు. అందులో మనుషుల బరువు కూడా కలిసే ఉంటుంది. నలుగురు పెద్దవాళ్ళు ఎక్కితే బెడ్‌లో ఎంత వేయాలో ఆ లెక్క చెప్తుంది, షోరూమ్ ఆయన చెప్పడు.

నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. 50 గ్యాలన్ల స్ప్రేయర్ నిండా పోస్తే నీళ్ళ బరువే 417 పౌండ్లు. సగం ఖాళీ అయ్యాక తేలికైంది కదా అని ధైర్యంగా గట్టు మీద పక్కకి తిప్పావనుకో, నీళ్ళన్నీ ఒక వైపుకి కొడతాయి. అప్పుడే బండి పడేది.

ఇప్పుడు నా కథ. ఏ కంపెనీ బండో చెప్పను, ఎందుకంటే తప్పు నాది. ఈ బండ్లలో చాలావాటికి మన యాక్టివాలో ఉన్నట్టే గేర్ల బదులు బెల్టు ఉంటుంది, సైజు పెద్దది అంతే. మనం మార్చేది హై, లో అన్న రెండే. కొన్న రెండో ఏడు, ఆగస్టు ఎండ. బెడ్‌లో 80 పౌండ్ల కాంక్రీటు బస్తాలు పన్నెండు వేసి వాగు గట్టు ఎక్కిస్తున్నా, నడక వేగంతో. గేరు హైలో ఉంది, లోలోకి మార్చాలని నాకు తట్టలేదు. ముందు కాలిన రబ్బరు వాసన వచ్చింది. పక్కవాళ్ళు టైర్లు తగలబెడుతున్నారేమో అనుకున్నా. ఇంకో ఇరవై అడుగులు వెళ్ళానో లేదో ఠప్పుమని పేలింది. ఇంజన్ అరుస్తోంది, బండి కదలదు. పక్క ర్యాంచ్ ఆయన ట్రాక్టర్ తెచ్చి లాగాడు. కవర్ విప్పితే లోపల పుల్లీలకి బెల్టు దారాలు కొబ్బరి పీచులా చుట్టుకుపోయి ఉన్నాయి. పట్టకారుతో ఒక్కొక్కటీ పీకడానికి సాయంత్రం దాకా పట్టింది. వారంటీలో రాదన్నారు, న్యాయమే. బరువు ఉన్నా, ఎక్కుడు ఉన్నా, మెల్లగా పోతున్నా లో గేరు. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే బెల్టు ఏళ్ళ తరబడి వస్తుంది.

బెల్టు గొడవే వద్దంటే రెండు దారులు. హోండా పయనీర్ 1000లో కారులో లాగా డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, ఆరు గేర్లు. కుబోటా ఆర్‌టీవీ-ఎక్స్1100సీలో డీజిల్ ఇంజన్, హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (బెల్టు బదులు ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పేది), కంపెనీ నుంచే ఏసీ క్యాబిన్ వస్తుంది. కుబోటా ఎద్దులాంటిది, పని ఆపదు, కానీ గంటకి 30 మైళ్ళు కూడా దాటదు. ట్రెయిల్‌కి తీసుకెళ్తే పిల్లలు నిద్రపోతారు.

మీ వైపు మట్టి మన నల్లరేగడి లాంటిదే. వాన పడ్డ మర్నాడు బండి దింపకు. టైర్లకి అంటుకున్న మట్టి టైరంత అవుతుంది, పడ్డ గాడులు ఎండాక సిమెంటు కాలువల్లా నెలల తరబడి ఉండిపోతాయి. ముళ్ళ సంగతికొస్తే, మా దగ్గర మెస్కీట్, అంటే మన సర్కారు తుమ్మకి దాయాది. మీ దగ్గర బోడార్క్, హనీ లోకస్ట్ ఉంటాయి. హనీ లోకస్ట్ ముల్లు వేలంత పొడుగు. టైరు ఎంత మందమైనా దిగుతుంది. పంచర్ ప్లగ్ కిట్, చిన్న కంప్రెసర్ సీటు కింద లేకుండా గేటు దాటకు. (ఇక్కడివాళ్ళు పొలంలో చెరువుని 'ట్యాంక్' అంటారు. మన ఇరిగేషన్ కాగితాల్లో కూడా అదే మాట. మొదటిసారి విన్నప్పుడు భలే సరదాగా అనిపించింది.)

ఓక్లహోమా ఇసక దిబ్బలు:

బాబాయ్ చెప్పిందంతా కరెక్టే, కానీ బోరు. బ్రో, రేంజర్ వేసుకుని లిటిల్ సహారా ఇసక దిబ్బలకి రండి, సాయంత్రానికి నడుము ఏమంటుందో చూద్దాం. పని బండికి సస్పెన్షన్ బరువు మోయడానికి పెడతారు, ఖాళీగా వేగంగా పోతే ఎగిరెగిరి పడుతుంది.

మధ్యరకం ఉన్నాయి కదా. పొలారిస్ జనరల్, కాన్-యామ్ కమాండర్, యమహా వుల్వరీన్ ఆర్‌మ్యాక్స్. బెడ్‌లో 600 పౌండ్లు పడతాయి. మీది 14 ఎకరాలు, 140 కాదు. ఒక ట్రిప్పు బదులు రెండు ట్రిప్పులు కొడితే అరిగిపోతామా?

ఇంకోటి, వెడల్పు చూసుకోండి. ఇవన్నీ 60 అంగుళాలు దాటే ఉంటాయి. ఫారెస్ట్ సర్వీస్ ట్రెయిల్స్‌లో చాలాచోట్ల 50 అంగుళాలే హద్దు, గేటు దగ్గరే ఆగిపోతారు. ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారో ముందు ఆ ట్రెయిల్ రూల్ చూసి, తర్వాత బండి కొనండి. నేను తిరగేసి చేశాను.

వెదర్‌ఫర్డ్ బాబాయ్:

ఒప్పుకుంటాను. 14 ఎకరాలకి 600 పౌండ్ల బెడ్ చాలు. కంచె పని అయిపోయాక వెయ్యి పౌండ్లు మోసే రోజులు ఏడాదికి నాలుగైదు ఉంటాయేమో. కానీ ఈ మధ్యరకం నాలుగు సీట్లవి కొత్తవి 20 వేలలో రావు. పాతది చూడాలి, అదే నా భయం.

ఎక్సెల్ అక్క:

తమ్ముడూ, బండి సంగతి వాళ్ళు చూసుకుంటారు, నేను డబ్బు సంగతి చెప్తా. మా మేకల లెక్కలన్నీ నావే.

టెక్సస్‌లో ఈ బండి మీద సేల్స్ టాక్స్ లోకల్‌తో కలిపి 8.25 శాతం దాకా పడుతుంది. 20 వేలకి 1,650 డాలర్లు. కంప్ట్రోలర్ (రాష్ట్ర పన్నుల ఆఫీసు) దగ్గర ఆగ్-టింబర్ నంబర్, అంటే రైతులకి ఇచ్చే టాక్స్ మినహాయింపు నంబర్ తీసుకుంటే ఇది కట్టక్కర్లేదని ఎవరో ఒకరు నీకు చెప్తారు. షోరూమ్‌లోనే చెప్తారు. అది నిజమే, కానీ ఆ మినహాయింపు బండిని కేవలం వ్యవసాయ ఉత్పత్తికే వాడితేనే. 'కేవలం' అన్న మాట ఫారంలో నువ్వు సంతకం పెట్టే చోటే ఉంటుంది. పిల్లల్ని ట్రెయిల్‌కి తీసుకెళ్ళే బండికి ఆ సంతకం పెట్టకు. 1,650 కోసం ఆడిట్ టెన్షన్ ఎందుకు? కంచె సామానుకి ఆ నంబర్ వాడుకో, అమ్మే పంట, అమ్మే మేకలు ఉంటే హాయిగా వర్తిస్తుంది. నంబర్ నాలుగేళ్ళకోసారి రెన్యూవల్, ఇప్పుడున్నవన్నీ 2027 డిసెంబర్ 31తో ముగుస్తాయి. కౌంటీ వాళ్ళు భూమి పన్ను తగ్గించే ఆగ్ వాల్యుయేషన్ వేరు, ఇది వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుని అప్లై చేయడం మర్చిపోతారు.

షోరూమ్‌లో బోర్డు మీది ధర అడగకు. ఫ్రెయిట్, సెటప్, డాక్యుమెంట్ ఫీజు, టాక్స్ అన్నీ కలిపి గేటు బయటికి ఎంతకి వస్తుందో ఒక్క అంకె మెయిల్‌లో పెట్టమను. మూడు చోట్ల అడిగితే ఒకే బండికి మూడు అంకెలు వస్తాయి. సున్నా వడ్డీ ఆఫర్లు మంచి క్రెడిట్ స్కోరు ఉన్నవాళ్ళకి. పద్నాలుగు నెలల హిస్టరీకి వాళ్ళు వేరే రేటు చెప్పొచ్చు, కంగారు పడకు.

ఇన్సూరెన్స్ కూడా. ఇంటి పాలసీ ఫ్రిస్కోలో ఇంటికి. పొలంలో, ట్రెయిల్‌లో బండికి విడిగా తీసుకోవాలి. దొంగతనం కవర్ అవుతుందో లేదో గట్టిగా అడుగు, ఎవరూ ఉండని పొలంలో పెడుతున్నారు కాబట్టి. ట్రెయిల్‌కి పబ్లిక్ స్థలాల్లో తిరగాలంటే టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ స్టిక్కర్ 16 డాలర్లు. సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా లెక్క, జూలైలో కొంటే దండగ.

నల్లగొండ టు ఫ్రిస్కో:

అక్కా, ఆ 'కేవలం' సంగతి ఎవరూ చెప్పలేదు. థాంక్యూ. బాబాయ్ గారూ, రెండు సందేహాలు. పిల్లలు ఏడేళ్ళు, పదకొండేళ్ళు. పొలంలో మెల్లగా పోయేటప్పుడు వెనక బెడ్‌లో కూర్చోబెట్టొచ్చా? ఊళ్ళో మేం ట్రాలీలోనే పెరిగాం. రెండోది, మాకున్నది హోండా ఒడిస్సీ మినీవ్యాన్. దాని వెనక ట్రైలర్ కట్టి ట్రెయిల్‌కి తీసుకెళ్ళొచ్చా?

వెదర్‌ఫర్డ్ బాబాయ్:

బెడ్‌లో వద్దు. మెల్లగా కూడా వద్దు. ట్రాలీకి చుట్టూ రేకు ఉంటుంది, ఇది ఉన్నపళంగా బరువు మొత్తం ఒక చక్రం మీదకి వేసే బండి. సీట్లో కూడా పాదాలు నేలకి ఆనాలి, వీపు సీటుకి ఆనాలి, చేతికి పట్టుకునే కమ్మీ అందాలి. ఈ మూడూ కుదిరితేనే ఆ పిల్లవాడు ఎక్కడానికి సైజు సరిపోయినట్టు. ఏడేళ్ళవాడికి పాదాలు ఆనకపోవచ్చు. షోరూమ్‌లో కూర్చోబెట్టి చూడు, కొన్ని బండ్లలో సీటు పొట్టిగా ఉంటుంది. నడపడానికి కంపెనీలన్నీ 16 ఏళ్ళు నిండాలంటాయి. పదకొండేళ్ళవాడు అడుగుతాడు, ఇప్పుడే కాదను. ఎవరైనా సరే సీటు బెల్టు, హెల్మెట్, పక్కన తలుపు లేదా వల. బండి ఒరుగుతుంటే ఆపుదామని మనిషికి చెయ్యి బయటికి పోతుంది, అది మన చేతిలో ఉండే పని కాదు. కేజ్, అంటే బండి మీది ఇనుప చట్రం కింద నలిగేది ఆ చెయ్యే. చేతులు లోపలే ఉంచడం ముందే అలవాటు చేయాలి.

ఒడిస్సీ 3,500 పౌండ్లు లాగుతుందని ఉంటుంది. నాలుగు సీట్ల బండి 1,800 పైన, ట్రైలర్ ఇంకో వెయ్యి పైన. లెక్కకి సరిపోయింది కదా అనుకుంటావు. కానీ లోపల మనుషులు ఎక్కేకొద్దీ లాగే బరువు తగ్గుతుంది, మాన్యువల్ తెరిచి చూడు. ఇంటిల్లిపాదీ ఎక్కి, ఐస్ బాక్సు పెట్టి, పైగా బండి లాగడం దానికి ఎక్కువే. బండిని పొలంలోనే ఉంచు. కంటైనర్‌లో పెట్టి తాళం వేసి, బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చుకో. ట్రెయిల్‌కి అక్కడి అద్దె బండి.

నీ బడ్జెట్‌కి నేనైతే పాత పయనీర్ 1000-5 వెతుకుతా. వెనక రెండు సీట్లు బెడ్‌లోంచే పైకి లేస్తాయి, మడిస్తే మళ్ళీ బెడ్. దొరక్కపోతే రేంజర్ క్రూ, అంటే వెనక కూడా సీట్లున్న రేంజర్. పాతది చూడటానికి వెళ్ళినప్పుడు గంటల మీటరూ మైళ్ళ మీటరూ రెండూ చూసి భాగించు. 300 గంటలకి 1,500 మైళ్ళంటే గంటకి అయిదు మైళ్ళు, కంచె వెంట తిరిగిన బండి. అదే 6,000 మైళ్ళుంటే బాగా తోలిన బండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి వేలితో లోపల తుడువు, ఫిల్టర్ దాటి దుమ్ము ఉంటే ఇంజన్ తిన్నట్టే. ఆయిల్ చుక్క చూడు, మజ్జిగ రంగులో ఉంటే నీళ్ళలో మునిగిన బండి. బురద పార్కుల్లో ఆడి, కడిగి, మెరిపించి అమ్ముతారు. రేడియేటర్ వెనక సందులో టార్చి వేస్తే అక్కడ మట్టి దొరికిపోతుంది, ఆ సందు కడగడానికి ఎవరికీ ఓపిక ఉండదు. చక్రాల దగ్గర ఇరుసు కీళ్ళ మీద ఉండే రబ్బరు తొడుగులు చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూసి, ఒక్కో చక్రం పైన పట్టుకుని ఊపు. రేంజర్ అయితే బెల్టు కవర్ విప్పమను. విప్పనంటే వచ్చేయ్.

ముందు అద్దం నిండుగా ఉండి వెనక ఏమీ లేకపోతే దుమ్మంతా వెనక నుంచి లోపలికి పీలుస్తుంది, సగం అద్దం మేలు. శనివారం నేను మెకిన్నీ వైపే వస్తున్నా. బండి ఏదైనా చూసి పెట్టుకుంటే చెప్పు, టార్చి నేను తెస్తా.

నల్లగొండ టు ఫ్రిస్కో:

మెకిన్నీలోనే ఒక పయనీర్ 1000-5 ఉంది బాబాయ్ గారూ, 410 గంటలు, 2,300 మైళ్ళు. పొద్దున పదింటికి రమ్మన్నాడు. పిల్లల్ని కూడా తెస్తున్నా, పాదాలు ఆనుతాయో లేదో అక్కడే చూద్దాం.