సైకిల్‌కు కొత్త చైన్ వేశాక ఎత్తులో జారుతోంది, లోపం ఎక్కడ?

ప్రశ్న:
ఎంటీబీ (కొండదారుల సైకిల్), వెనక ఎనిమిది స్ప్రాకెట్లు (పళ్ళ చక్రాలు), ముందు మూడు. తిరిగేది ఎక్కువగా అనంతగిరి వైపు ఎర్రమట్టి దారుల్లో. రెండేళ్ళ పాత చైన్ తీసేసి 8 స్పీడ్ కొత్తది వేశాను. చదునులో బాగానే పోతోంది. ఎత్తులో లేచి నిలబడి తొక్కితే మాత్రం టక్కుమని జారి పెడల్ ఒక్కసారిగా కిందికి పడిపోతోంది. అదీ వెనక మధ్యలో ఉన్న రెండు స్ప్రాకెట్ల మీదే. గేర్ కేబుల్ బిగించి చూశాను, తేడా లేదు. పాత చైన్ ఎప్పుడూ జారలేదు. కొత్తది నాసిరకమా?

జవాబు 1:
చైన్ తప్పు కాదండీ, వెనక క్యాసెట్ (స్ప్రాకెట్ల కట్ట) అరిగిపోయింది. మీరు చెప్పిన "మధ్య రెండింటి మీదే" అన్న మాటే దానికి రుజువు. రోజూ వాడే గేర్లు ముందు అరుగుతాయి.

చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మి.మీ. చైన్ సాగింది అంటాం గానీ నిజానికి ఇనుము సాగదు. పిన్నులు, అవి తిరిగే చోటు మట్టికి అరిగి ఆ దూరం పెరుగుతుంది. దూరం పెరిగిన చైన్ పళ్ళను కూడా తన కొలతకే అరగదీసుకుంటుంది. అందుకే పాతదానితో ఇబ్బంది లేదు, రెండూ కలిసి అరిగాయి. కొత్త చైన్ రోలర్ (పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) ఆ పంటి గుంటలో పూర్తిగా దిగదు. బలం పడగానే వాలు మీదుగా పైకి పాకి పక్క పంటికి దూకుతుంది.

పాత చైన్ పారేయకపోతే కొలవండి. టేపు కొక్కెం కాస్త వదులుగా ఉంటుంది కాబట్టి అంచు నుంచి కాకుండా 1 అంగుళం గీత మీద ఒక పిన్ను మధ్యభాగం పెట్టి, చైన్ లాగి పట్టుకుని, అక్కడి నుంచి (ఆ పిన్ను లెక్కపెట్టకుండా) 24వ పిన్ను చూడండి. సరిగ్గా 13 మీద ఉంటే కొత్తదానితో సమానం. అంగుళంలో పదహారో వంతు దాటితే చైన్ మార్చే వేళయింది. ఎనిమిదో వంతు దాటిందంటే పళ్ళు కూడా పోయినట్టే. ముందుజాగ్రత్తగా చైన్ మారిస్తే ఒక క్యాసెట్ మీద రెండు మూడు చైన్లు నడుస్తాయి. మట్టి దారుల్లో నెలకోసారి కొలవడం ఎప్పటికీ మానొద్దు.

జవాబు 2:
క్యాసెట్ కొనే ముందు మీది నిజంగా క్యాసెట్టేనా, మొత్తంగా హబ్ (చక్రం నడుమ భాగం) మీద మర తిప్పి బిగించే ఫ్రీవీలా చూసుకోండి. తక్కువ ధర సైకిళ్ళలో 8 స్పీడ్ ఫ్రీవీల్ కూడా వస్తుంది. చక్రం ఊడదీసి స్ప్రాకెట్లను వెనక్కి తిప్పండి. టూల్ దూర్చే గాళ్ళు వాటితోపాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీల్. రెండింటి టూల్స్ వేరు. తప్పు టూల్ పెట్టి బలం చేస్తే గాళ్ళు కొట్టుకుపోతాయి, తర్వాత తీయడం నరకం.

క్యాసెట్ అయితే చైన్ విప్ (చైన్ ముక్క తగిలించిన పిడి)తో పెద్ద స్ప్రాకెట్ కదలకుండా పట్టుకుని లాక్‌రింగ్ (క్యాసెట్‌ను పట్టి ఉంచే బిగింపు రింగు)ను ఎడమకు తిప్పాలి. కొత్తది ఎక్కించేటప్పుడు ఫ్రీహబ్ (క్యాసెట్ కూర్చునే హబ్ భాగం) మీది గాళ్ళలో ఒకటి కొలతలో తేడాగా ఉంటుంది, దానికి సరిపెడితేనే స్ప్రాకెట్లు దిగుతాయి. లాక్‌రింగ్ బిగింపు 40 న్యూటన్ మీటర్లు. చివర్లో కర్రుకర్రుమని చప్పుడు వస్తుంది, భయపడక్కర్లేదు, దాని అడుగున ఉన్న గరుకు పట్టుకుంటున్న చప్పుడది.

ఫ్రీవీల్‌కు చైన్ విప్ అక్కర్లేదు గానీ తొక్కిన ప్రతిసారీ అది ఇంకా బిగుస్తుంది కాబట్టి పొడుగు పానా కావాలి. కొత్తది ఎక్కించేటప్పుడు మరకు గ్రీజు రాసి మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి. హబ్ సాధారణంగా అల్యూమినియం, మర ఒక్కసారి అడ్డం పడితే హబ్ మొత్తం పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
కొలిచాను, ఎనిమిదో వంతు దాటేసింది. నాది క్యాసెట్టే అని కూడా తేలింది. ఎలాగూ మారుస్తున్నాను కదా, పెద్ద స్ప్రాకెట్ 32 పళ్ళకు బదులు 34 వేయొచ్చా? ముందువి కూడా మార్చాలా?

జవాబు 1:
34 వేయాలంటే మీ వెనక డిరైలర్ (చైన్‌ను ఒక స్ప్రాకెట్ నుంచి ఇంకోదానికి జరిపే భాగం) ఎన్ని పళ్ళ వరకు తీసుకుంటుందో దాని మోడల్ నంబరుతో చూడండి. తర్వాత చైన్ పొడవు. డిరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందు పెద్దది, వెనక పెద్దది మీదుగా చుట్టి, అంచులు కలిసేచోట ఇంకో రెండు లింకులు మిగలాలి. మిగలకపోతే పొరపాటున పెద్ద-పెద్ద గేర్ వేసిన రోజు డిరైలర్ విరుగుతుంది. ముందు కొలవండి, తర్వాతే కట్ చేయండి.

జవాబు 3:
ముందువాటిలో మధ్య స్ప్రాకెట్ చూడండి, ఎక్కువ పని దానిదే. పళ్ళు కొడవలి మొనలా ఒకవైపు వంగితే మార్చాలి. అలాగే వదిలేస్తే వానాకాలం బురదలో చైన్ కింద వదలకుండా పంటిని పట్టుకుని పైకి వచ్చి ఫ్రేముకు ఇరుక్కుంటుంది.

క్యాసెట్ మార్చాక కూడా జారితే, పెడల్ వెనక్కి మెల్లగా తిప్పుతూ డిరైలర్ చిన్న చక్రాల దగ్గర చూడండి. చైన్ అతికిన లింకు బిగుసుకుని ఉంటే అక్కడికి రాగానే ఎగురుతుంది. ఆ పిన్ను దగ్గర చైన్‌ను రెండు చేతులతో పక్కలకు కొద్దిగా వంచితే వదులవుతుంది.

ఆయిల్ సంగతి: బురదలో తిరిగొచ్చాక కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరాక రోలర్‌కు ఒక్క చుక్క చొప్పున చైన్ లూబ్ వేసి, పైపైన ఉన్నదంతా పొడి గుడ్డతో తుడిచేయండి. అరుగుదల ఆపే ఆయిల్ లోపల ఉండాలి. పైన మిగిలింది మట్టిని అంటించుకుని గరుకు కాగితంలా పనిచేస్తుంది.