కబడ్డీలో తలకు దెబ్బ, స్కాన్‌లో ఏమీ లేదన్నారు: పది రోజుల్లో ఎంపికలకు పంపవచ్చా?

ప్రశ్న: ఎనిమిదో తరగతి బాలుడి తండ్రి, పల్నాడు జిల్లా

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి 13 ఏళ్లు. పాఠశాల కబడ్డీ జట్టులో కూతకు వెళ్లేది ఎక్కువగా వాడే. పోయిన శనివారం పక్క మండలం జట్టుతో ఆడుతున్నప్పుడు ఒకరు చీలమండ పట్టుకోగా, మరొకరు పక్క నుంచి భుజంతో గుద్దడంతో వెల్లకిలా పడ్డాడు. తల వెనుక భాగం నేలకు బలంగా తగిలింది. స్పృహ తప్పలేదు. అయితే లేచినవాడు మధ్య గీత వైపు రాకుండా ఎదుటి జట్టు వైపే రెండడుగులు వేశాడట, చూసినవాళ్లందరూ నవ్వారట. ముఖాన నీళ్లు చల్లి, గ్లూకోజు నీళ్లు తాగించి, రెండో సగంలో మళ్లీ ఆడించారు. ఇంటికి వచ్చాక ఒకసారి వాంతి చేసుకుంటే, ఆ రాత్రే గుంటూరు తీసుకెళ్లి సీటీ స్కాన్ తీయించాము. లోపల రక్తస్రావం లేదు, ఎముక చిట్లలేదు, భయం లేదని చెప్పి పంపించారు.

ఈ రోజుకు ఆరు రోజులైంది. పుస్తకం పట్టుకుంటే పావుగంటకే తలనొప్పి అంటున్నాడు, ట్యూబ్‌లైట్ వెలుతురుకు కళ్లు మూసుకుంటున్నాడు, చెల్లెలు పలకరిస్తే కసురుకుంటున్నాడు. పది రోజుల్లో జిల్లా ఎంపికలు ఉన్నాయి, పంపకపోతే అన్నం తిననని కూర్చున్నాడు. దెబ్బ తగలని ఆట ఎక్కడైనా ఉంటుందా అని మా నాన్నగారు వాడికే వత్తాసు. స్కాన్ బాగానే ఉన్నప్పుడు పంపడంలో తప్పేమైనా ఉందా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: పిల్లల వైద్యురాలు, హైదరాబాద్

మీరు రాసినదాన్ని బట్టి ఇది కంకషన్ (దెబ్బకు మెదడు అదిరి దాని పనితీరు కొన్నాళ్లు దెబ్బతినడం) అనిపిస్తోంది. బాబును చూడకుండా నిర్ధారించలేను కాబట్టి, ఈ వారంలోనే మరొకసారి పిల్లల వైద్యులకో నరాల వైద్యులకో చూపించండి. స్కాన్ గురించి మాత్రం ఒక అపోహ తొలగించుకోవాలి. సీటీ స్కాన్ చూసేది రక్తం గడ్డకట్టిందా, పుర్రె చిట్లిందా అన్నదే. తల ఒక్కసారిగా ఊగి ఆగినప్పుడు పుర్రె లోపల మెదడు అదిరి, దానిలోని కణాల పనితీరు కొన్నాళ్లు గాడి తప్పుతుంది, అది స్కాన్ బొమ్మలో కనపడదు. స్పృహ తప్పడం కూడా తప్పనిసరి లక్షణం కాదు, కంకషన్ అయినవారిలో ఎక్కువమందికి స్పృహ ఉంటుంది. మీ వాడు ఎదుటి జట్టు వైపు నడవడమే అసలు లక్షణం, ఆ క్షణంలోనే ఆట ఆపవలసింది.

అదే రోజు మళ్లీ ఆడించడాన్ని వైద్యులు ఇంతగా వ్యతిరేకించడానికి కారణం ఉంది. అదిరిన మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే, అది చిన్నదైనా సరే, అరుదుగా మెదడు హఠాత్తుగా వాచి ప్రాణం మీదికి వస్తుంది. ఇలా జరిగినట్లు నమోదైనవారిలో యుక్తవయసు పిల్లలే ఎక్కువ. అంత దూరం వెళ్లకపోయినా, రెండో దెబ్బ వల్ల తలనొప్పి, ఏకాగ్రత లోపం నెలల తరబడి సాగవచ్చు.

లక్షణాలు వెంటనే బయటపడాలని కూడా లేదు. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో ఆర్చర్ వేసిన బంతి మెడకు తగిలి స్టీవ్ స్మిత్ మైదానం వీడాడు. పరీక్షలలో నెగ్గి ఆ రోజే మళ్లీ బ్యాటింగ్‌కు వచ్చి 92 పరుగుల వద్ద అవుటయ్యాడు, మర్నాటికి కంకషన్ లక్షణాలు బయటపడటంతో అతని స్థానంలో లబుషేన్‌ను దించారు. పక్కనే వైద్యులున్న జట్టు పరిస్థితే అది.

ఇక ఏం చేయాలో చెబుతాను. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి సరిపోతుంది, చీకటి గదిలో వారం రోజులు పడుకోబెట్టడం ఇప్పుడు మంచిది కాదంటున్నారు. నొప్పి పెరగనంత వరకు నడవనివ్వండి, చదువు పావుగంట చొప్పున విరామాలిస్తూ సాగనివ్వండి, ఫోను తగ్గించండి. ముందు బడికి పూర్తిగా అలవాటు పడాలి, ఆ తరువాతే ఆట. ఆటలోకి తేలికపాటి పరుగు, ఒంటరిగా కదలికల సాధన, ఎవరినీ తాకకుండా జట్టుతో సాధన, పట్టులతో సాధన, చివరికి పోటీ అన్న వరసలో రావాలి, ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు ఇవ్వాలి. జట్టుతో సాధన మొదలుపెట్టేనాటికి లక్షణాలు పూర్తిగా పోయి ఉండాలి, పట్టుల సాధనకు ముందు వైద్యుల అనుమతి కాగితం మీద తీసుకోవాలి. చాలామంది పిల్లలు నాలుగు వారాలలోపే కోలుకుంటారు. ఆరో రోజున పుస్తకం చదవలేని పిల్లవాడు పదహారో రోజున పట్టులకు సిద్ధమవుతాడన్న ఆశ నాకు లేదు.

తలనొప్పి ముదురుతున్నా, వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, లేపితే లేవనంత మగత, మూర్ఛ, మాట తడబాటు, ఒక కంటిపాప పెద్దదిగా కనిపించడం, చెవి లేదా ముక్కు నుంచి నీళ్లలా కారడం, వీటిలో ఏది కనిపించినా రాత్రి పగలు చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

జవాబు: విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, ఒంగోలు

ముప్పై ఏళ్లు పిల్లలతో కబడ్డీ ఆడించినవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. నీళ్లు చల్లి మళ్లీ దింపడం మా తరం వాళ్లందరం చేసిన పనే, నేనూ చేశాను. దుర్మార్గం కాదు, తెలియకపోవడం. ఒక్కటి ఆలోచించండి, జట్టులో పన్నెండు మంది ఉంటే కోర్టులో ఆడేది ఏడుగురే. ఒకణ్ణి కూర్చోబెట్టినంత మాత్రాన ఆట ఆగదు.

ఉద్యోగం చివరి రోజుల్లో నేను నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. పడినవాణ్ణి "బాగానే ఉన్నావా?" అని అడగకూడదు, బాగానే ఉన్నానని ప్రతివాడూ అంటాడు. ఇది ఎన్నో సగం, చివరి పాయింటు తెచ్చింది ఎవరు, పోయిన ఆటలో మనం ఎవరి మీద గెలిచాం అని అడగాలి. తడబడితే ఆ రోజుకు ఆట ముగిసినట్లే. సరిగ్గా చెప్పినా తలనొప్పో కళ్లు తిరగడమో ఉంటే అంతే. నేల విషయం కూడా చూడండి. తవ్వి, రాళ్లు ఏరి, సాయంత్రం నీళ్లు చల్లిన మట్టి కోర్టుకూ, ఎండకు బండలా బిగిసిన ప్రార్థన మైదానంలో సున్నం గీతలు వేసి ఆడించడానికీ చాలా తేడా ఉంది. చీలమండ పట్టు నేర్పేటప్పుడు, పట్టుబడినవాడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి పక్కకు దొర్లడం కూడా నేర్పాలి. ఎక్కడా నేర్పడం లేదు.

జవాబు: సియాటెల్ దగ్గర ఉంటున్న ఒక తల్లి

ఇక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల బాలుడికి బడి అమెరికన్ ఫుట్‌బాల్ పోటీలో తల నేలకు తగిలింది. కాసేపు కూర్చోబెట్టి అదే ఆటలో మళ్లీ దించారు. ఆట ముగిశాక కుప్పకూలాడు, మెదడు వాపు తగ్గించడానికి పుర్రె ఎముక రెండు వైపులా తీయవలసి వచ్చింది, మొదటి మాట పలకడానికి తొమ్మిది నెలలు పట్టింది. అతని పేరు మీదే 2009లో ఇక్కడ చట్టం వచ్చింది, 2014 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. అనుమానం వస్తే చాలు, పిల్లవాణ్ణి బయటికి తీయాలి, వైద్య అనుమతి పత్రం లేకుండా తిరిగి తీసుకోకూడదు. ఏటా మా అమ్మాయి సాకర్ మొదలయ్యే ముందు నేనూ తనూ కంకషన్ గురించిన సమాచార పత్రం మీద సంతకం పెడతాము. ఆ కాగితం వల్ల ఒక మేలుంది, శిక్షకుడితో వాదించే పని తల్లిదండ్రులకు తప్పుతుంది. మీ దగ్గర చట్టం సంగతి ఎలా ఉన్నా, "వైద్యుల ఉత్తరం వచ్చేవరకు ఆడించవద్దు" అని రెండు వాక్యాలు రాసి ప్రధానోపాధ్యాయుల చేతికివ్వండి, నకలు మీద తేదీ వేయించుకోండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి ప్రశ్నలు రాత్రి మా వాణ్ణి అడిగాను. నీళ్లు చల్లిన తరువాత ఆడిన ఆటలో వాడు రెండు పాయింట్లు తెచ్చాడట, ఒక్కటీ గుర్తులేదన్నాడు. మా నాన్నగారు అది విని మంచం మీద నుంచి లేచి వచ్చి కూర్చున్నారు. రేపు ఉత్తరం ఇస్తాను, సోమవారం నరాల వైద్యులకు చూపిస్తాను. ఎంపికలకు మాత్రం జట్టుతో వెళ్లి స్కోరు పుస్తకం రాస్తానని బేరం పెట్టాడు. దానికైనా ఒప్పుకోవచ్చా డాక్టరు గారూ?

పిల్లల వైద్యురాలు:

సోమవారం చూసే వైద్యులు సరేనంటే ఒప్పుకోండి. నీడలో కూర్చోవాలి, తలనొప్పి మొదలైతే పుస్తకం పక్కవాడికి ఇచ్చేయాలి.