‘మందులకు లొంగని క్షయ’: లొంగనిది ఎవరు?

ఒక ఆరోగ్య కరపత్రం రాస్తున్నాను. ‘కొత్తగా క్షయ నిర్ధారణ అయినవారిలో ఔషధ నిరోధకత’ అని పెట్టాను. చదివిన ఒకాయన ‘అంటే ఆ మనిషి ఒంటికి మందులు పడవనా?’ అన్నారు. ఇంకొకరు ‘మందే మింగనివాడికి మందుల మీద నిరోధకత ఎక్కణ్ణుంచి వచ్చింది?’ అన్నారు. ఇద్దరికీ అర్థమయ్యే మాట చెప్పండి.

— చిక్కంతా ‘నిరోధక’ దగ్గరే ఉందండీ. ‘రోగనిరోధక శక్తి’ రోజూ వింటాం. అక్కడ అడ్డుకునేది మన ఒళ్లు. అదే అలవాటుతో ‘ఔషధ నిరోధక’ విన్నా ఒంటికే అంటగడతాం. నిజానికి ఇక్కడ మందును అడ్డుకునేది క్రిమి. సమాసం చేసేసరికి కర్త మాయమైపోయాడు. ‘మందులకు లొంగని క్షయ’ అనండి, హాయిగా ఉంటుంది. ‘మొండి టీబీ’ అనేదీ ఉంది, పొట్టిగా బాగానే ఉంటుంది గానీ మొండితనం రోగిది అనుకునే ప్రమాదం ఉంది.

— ‘ముదిరిన క్షయ’ అంటే సరిపోదా?

— సరిపోదు. ముదరడం జబ్బు దశ. మందుకు లొంగని క్రిమి మొదటి వారం దగ్గులోనూ ఉండొచ్చు.

— ఛాతీ వైద్య విభాగంలో పనిచేస్తాను. మందే మింగనివాడికి ఎలా వచ్చిందన్న రెండో ప్రశ్నే నాకు ముఖ్యం అనిపించింది. క్షయ క్రిములు కోట్లలో పెరుగుతున్నప్పుడు ఎక్కడో ఒకటి జన్యుమార్పుతో ఒక మందును తట్టుకునేలా పుడుతుంది. అందుకే ఒక్క మందు ఇవ్వరు, కలిపి ఇస్తారు. చికిత్స సరిగా సాగకపోతే లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఆ రోగి దగ్గితే పక్కవాడు పీల్చేది ఆ మిగిలినవాటినే. పక్కవాడు ఒక్క మాత్ర కూడా మింగి ఉండడు. కాబట్టి ‘మందులు మధ్యలో ఆపినవాళ్లకు వచ్చే జబ్బు’ అని మాత్రం రాయకండి, ఆ నింద ఇతనికి తగలకూడదు.

ఇంకో మెలిక. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ‘కొత్త రోగి’ అంటే నిన్న తేలినవాడని కాదు. క్షయ మందులు ఎప్పుడూ వాడనివాడు, లేదా నెలకన్నా తక్కువ వాడినవాడు. పదేళ్ల కిందట చికిత్స పూర్తిచేసి మళ్లీ ఇప్పుడు జబ్బు పడితే ఆయన ‘కొత్త’ కాడు. 2023 అంచనాల్లో కొత్తవారిలో సుమారు 3 శాతం, ఇంతకుముందు చికిత్స పొందినవారిలో సుమారు 16 శాతం మందిలో, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన క్షయ మందుకు లొంగని క్షయ ఉంది. 3 చిన్నదిగా కనిపిస్తుంది, కానీ కొత్తవారి సంఖ్యే చాలా ఎక్కువ.

— నింద అన్నారు కాబట్టి: చికిత్స మానేసినవారిని ఇంగ్లీషులో ‘డిఫాల్టర్’ అనేవారు. తెలుగు చేస్తే ఎగవేతదారు! బ్యాంకు నోటీసులా ఉంటుంది. పరీక్షకు వచ్చినవారు ‘సస్పెక్ట్’, అంటే అనుమానితుడు, పోలీస్ స్టేషన్ మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నిర్వచనాల్లో రెండూ తీసేశారు. మనవాళ్లు ఇంకా రాస్తూనే ఉన్నారు.

— రామాయణంలో పిడకల వేట: అరవై ఏళ్లలో చివరిది ‘అక్షయ’ కదా, దానికే ‘క్షయ’ అనే పేరూ ఉంది. అరగడానికీ అరగకపోవడానికీ ఒకే ఏడు!

— ధన్యవాదాలు. ఇలా మార్చాను: ‘క్షయ మందులు ఎన్నడూ వాడనివారికి కూడా మందులకు లొంగని క్రిములు గాలి ద్వారా సోకవచ్చు. అందుకే చికిత్స మొదట్లోనే, క్రిములు మందులకు లొంగుతాయో లేదో చెప్పే పరీక్ష చేయించుకోండి.’

— బాగుంది. కానీ ‘లొంగని’ అని ఊరుకుంటే ఇక ఏ మందూ పనిచేయదని టెన్షన్ పడతారు. ‘కొన్ని మందులకు లొంగని’ అనండి. డాక్టర్లు ‘ఎండీఆర్ టీబీ’ అనేది కూడా ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అనే రెండు ముఖ్యమైన మందులకూ లొంగని క్షయనే. దానికి వేరే మందులున్నాయి. ఒకప్పుడు ఏడాదిన్నర, అంతకుమించి సాగిన చికిత్స, బెడాక్విలిన్ అనే మందు ఉన్న కొత్త కలయికతో చాలామందికి 6 నెలల్లో పూర్తవుతోంది. క్రిమి రిఫాంపిసిన్‌కు లొంగుతుందా లేదా అన్నది, ఆ క్రిమి జన్యువుల్ని చూసే పరీక్ష రెండు గంటల్లోపే చెబుతుంది.

— ‘కొన్ని’ చేర్చాను. 6 నెలల సంగతీ పెడతాను. ఒకటే పేజీ, చోటు చాలకపోతే ఊపిరితిత్తుల బొమ్మ తీసేస్తాను.