‘ఏనుగుల మంద’ అని రాస్తే తప్పా?

రెండో బెంచీ: మా పాప నాలుగో తరగతి. పరీక్షలో ‘ఏనుగుల ____’ అని ఖాళీ ఇస్తే ‘మంద’ అని రాసింది. టీచరు కొట్టేసి ఎర్రసిరాతో ‘గుంపు’ అని దిద్దారు. అర మార్కు పోయింది. పత్రికలు ‘ఏనుగుల మంద’ అనే రాస్తాయి కదా?

పాత మాస్టారు: పత్రికలు రాస్తే ఒప్పయిపోతుందా? మందకు కాపరి ఉంటాడు. గొర్రెల మంద, ఆవుల మంద. రాత్రి గొర్రెలను ఆపే చోటునూ మంద అనే అంటాం. అడవి ఏనుగులను ఎవరు కాస్తున్నారు? చీమల బారు, మిడతల దండు, కోతుల మూక. దేని మాట దానిదే.

మిరపతోట: మరి దోమలకు?

అడవిబాట: ఏనుగులను ముందుండి నడిపించేది పెద్ద ఆడ ఏనుగు. ఎదిగిన మగవి విడిగా తిరుగుతాయి. పెద్దదిక్కు ఉంది కాబట్టి మంద అనవచ్చు.

పాత మాస్టారు: నడపడం వేరు, కాయడం వేరు. పులి గాండ్రిస్తుంది, ఏనుగు ఘీంకరిస్తుంది, నక్క ఊళ వేస్తుంది. ఇప్పుడు అన్నీ ‘అరుస్తున్నాయి’. డాలస్‌లో ఉన్న నా మనవడు గుర్రం ఇంగ్లిషులోలా ‘నే’ (neigh) అంటుందన్నాడు. సకిలిస్తుందిరా అంటే ఫోనులోనే నవ్వాడు.

చెరకు రైతు: మాది పలమనేరు వైపు, కౌండిన్య అడవి అంచు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చిన ఏనుగులు ఇక్కడే ఉండిపోయాయి. మా చేలో పడ్డ రాత్రి ఒక్క ఘీంకారమూ వినలేదు. చెరకు పటపట విరిగింది, నడుమ నడుమ గురగుర, అంతే. పరిహారం అర్జీలో ‘మంద పడి తొక్కింది’ అని రాస్తే, ఎన్ని ఏనుగులో రాయలేదని తిప్పి పంపారు. చీకట్లో లెక్కపెట్టాలట!

పాత మాస్టారు: చూశారా, మాట సరిగ్గా రాయకపోతే అంతే. అర్జీ రాయడం కూడా రాకపోతే ఎవరేం చేస్తారు?

చెరకు రైతు: ఎకరం పోయిన వాడితో అనే మాటేనా ఇది? గుంపు అని రాసి ఉంటే మాత్రం డబ్బు ఇచ్చేవారా?

అడవిబాట: గొడవ ఆపండి. ఆ గురగుర నిజమే. ఏనుగుల గురగురల్లో చాలా వాటి అట్టడుగు స్వరం 20 హెర్ట్జ్ (సెకనుకు 20 కంపనాలు) కన్నా తక్కువ, ఆ స్వరం మన చెవికి అందదు. 1984లో ఏనుగుల ధ్వనులను పరిశోధించిన కేటీ పేన్ అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్ జూలో నిలబడితే అది గాలిలో అదురులా తగిలిందట. ఘీంకారం ఎక్కువగా బెదిరినప్పుడో రేగినప్పుడో వస్తుంది.

చెరకు రైతు: మా నాయన దాన్ని ‘కడుపు ఉరుము’ అనేవాడు. మాస్టారూ, భాష మీద నాకు కోపం లేదు. మేం రోజూ వినే చప్పుడుకు మీ పట్టికలో మాట లేదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

పాత మాస్టారు: అర్జీ మాట అనకుండా ఉండవలసింది, బాబూ. కడుపు ఉరుము... బాగుంది, నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. మంద మాత్రం తప్పే.

రెండో బెంచీ: అయితే మా అర మార్కు రానట్టేనా?