2021 స్థానిక ఫలితాలను ప్రజాతీర్పు అనవచ్చునా? (ఉత్తరాంధ్ర చర్చ)

సాగరతీరం:
స్థానిక సంస్థల పదవీకాలం చివరికి వస్తున్నందున మా వార్డులో ఆశావహుల ఫ్లెక్సీలు అప్పుడే వెలిశాయి. ఈ సందర్భంలో చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ప్రశ్నను సభ్యుల ముందు ఉంచుతున్నాను. 2019 శాసనసభ ఎన్నికల్లో పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల 34 స్థానాల్లో 28 వైకాపాకు దక్కాయి. 2021లో అదే పార్టీ ఈ మూడు జిల్లా పరిషత్తులతో సహా రాష్ట్రంలోని 13 జిల్లా పరిషత్తులనూ గెలుచుకుంది. మహా విశాఖ నగరపాలక సంస్థలో 98 వార్డులకు 58 సాధించింది. 2024 వచ్చేసరికి ఆ 34 స్థానాల్లో దానికి మిగిలినవి అరకు, పాడేరు మాత్రమే. మూడేళ్లలో జనం మనసు ఇంతగా మారిందా, లేక 2021 ఫలితాలు మొదటినుంచీ జనం మనసును చూపనే లేదా?

మధురవాడ మాస్టారు:
ఉద్యోగ జీవితమంతా ఎన్నికల విధులు చేసినవాడిగా చెబుతున్నాను: ఓటు వేసిన నాటి అభిప్రాయమే ఫలితం, అది తర్వాతి ఎన్నికకు జోస్యం కాదు. 2021 మార్చి 10న నగరంలో బ్యాలెట్ పత్రాలతో పోలింగ్ జరిగింది, 14న లెక్కించారు. వైకాపాకు 58, తెలుగుదేశానికి 30, జనసేనకు 3, స్వతంత్రులకు 4, భాజపా, సీపీఐ, సీపీఎంలకు ఒక్కొక్కటి వచ్చాయి. అంటే 40 వార్డులు అధికార పక్షానికి చిక్కలేదు. ఉక్కు కర్మాగారాన్ని అమ్ముతారన్న వార్త వచ్చిన కొద్ది వారాలకే ఈ ఎన్నిక జరిగిందనీ, ఆ ఆగ్రహం గాజువాక ప్రాంతపు వార్డుల్లో కనిపించిందనీ మరువరాదు. ఓటరు ఎక్కడ ఏది తోస్తే అది చేశాడనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పూర్ణా మార్కెట్:
మాస్టారికి నమస్కారం. మళ్లీ ఆ 58 దగ్గరే మొదలుపెట్టారు.

చోడవరం వాసి:
మాస్టారు నగరం లెక్కలు చెప్పి జిల్లా అంతటికీ తీర్పు ఇస్తున్నారు. పల్లెల్లో జరిగింది వేరు. మండల, జిల్లా పరిషత్తుల నామినేషన్లు 2020 మార్చిలో తీసుకున్నారు. ఉపసంహరణ గడువు ముగిసిన మర్నాడే, అంటే మార్చి 15న, కరోనా కారణంగా ఎన్నికలు వాయిదా పడ్డాయి. ఏడాది గడిచాక కొత్త నోటిఫికేషన్ ఇవ్వకుండా ఆగినచోటి నుంచే కొనసాగించారు. బెదిరింపుల మధ్య తేలిన ఏకగ్రీవాలన్నీ అలాగే నిలిచిపోయాయి. నోటిఫికేషన్ ఇచ్చిన 9,672 ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యుల) స్థానాల్లో 2,371 చోట్ల పోలింగే జరగలేదు. నాలుగో వంతు ప్రాంతంలో ఓటరు చేతికి బ్యాలెట్ అందనప్పుడు దానిని తీర్పు అనడానికి నోరెలా వస్తుంది? అసలు స్థానిక ఎన్నికలంటేనే రాజధానిలో ఎవరుంటే వారికి పట్టం కట్టడం. విశాఖనే చూడండి, 1987లో తెలుగుదేశం రాష్ట్రాన్ని ఏలుతుంటే నగరపాలక సంస్థ దానికే వచ్చింది, 2007లో కాంగ్రెస్ ఏలుతుంటే కాంగ్రెస్‌కే వచ్చింది.

మధురవాడ మాస్టారు:
చోడవరం వాసి గారు తమకు అనుకూలమైన రెండు సంవత్సరాలే ఎంచుకున్నారు. 1981లో రాష్ట్రంలో కాంగ్రెస్ అధికారంలో ఉండగా విశాఖ మేయరు పదవి భాజపాకు చెందిన ఎన్.ఎస్.ఎన్. రెడ్డి గారికి దక్కింది. 1994 డిసెంబరులో తెలుగుదేశం ప్రభంజనం వీచిన కొద్ది నెలలకే, 1995లో, కాంగ్రెస్‌కు చెందిన సబ్బం హరి గారు మేయరయ్యారు. కనుక ఈ ఊరికి రాజధాని చెప్పినట్లు వినే అలవాటు లేదు. ఇక ఏకగ్రీవం మాటకు వస్తే, బరిలో ఒక్కరే మిగిలితే వారు ఎన్నికైనట్లు ప్రకటించాలన్నది చట్టం. జడ్పీటీసీ (జిల్లా పరిషత్ సభ్యుల) స్థానాల్లో 652కు 126 ఏకగ్రీవమైతే 515 చోట్ల పోలింగ్ జరిగింది. ఆ 515 గురించి మీరు ఒక్క మాటా అనలేదు.

చోడవరం వాసి:
అంటాను. 2021 ఏప్రిల్ 8న పోలింగ్ అనగా ఏప్రిల్ 2న తెలుగుదేశం ఆ ఎన్నికలను బహిష్కరించింది. గుర్తు బ్యాలెట్ మీద ఉంది, ప్రచారం చేసేవారు లేరు. అది పోటీ అవుతుందా?

గాజువాక గొంతు:
బహిష్కరించమని వైకాపా చెప్పలేదు కదా! ఆట మధ్యలో మైదానం వదిలి వెళ్లినవారు స్కోరు చెల్లదంటే ఎలా? అంత జరిగినా వందల ఎంపీటీసీ స్థానాల్లో తెలుగుదేశం అభ్యర్థులు గెలిచారంటే, నిలబడినచోట జనం ఓటు వేశారనేగా అర్థం. దమ్ముంటే ఈ ప్రశ్నకు జవాబివ్వండి. 2025 ఏప్రిల్ 19న విశాఖ మేయరు హరి వెంకట కుమారి గారిని అవిశ్వాస తీర్మానంతో దించారు. మొత్తం 111 మంది సభ్యుల్లో మూడింట రెండు వంతులు 74 కావాలి, సరిగ్గా 74 పడ్డాయి. అందులో వైకాపా గుర్తు మీద గెలిచి కండువా మార్చినవారు ఉన్నారు, నగర ఓటరు కార్పొరేటరుగా ఎన్నుకోని ఎక్స్ అఫీషియో సభ్యులు, అంటే పదవి రీత్యా ఓటున్న ఎమ్మెల్యేలు, ఎంపీల వంటివారు ఉన్నారు. 2021లో ఓటు వేసిన జనాన్ని 2025లో ఎవరు అడిగారు?

చోడవరం వాసి:
2024లో అడిగారు. నగరంలోని శాసనసభ స్థానాలన్నిటా కూటమి గెలిచింది. గాజువాకలో 95,000కు పైగా ఆధిక్యం వచ్చింది. మారిన ప్రజాభిప్రాయానికి అనుగుణంగా పాలకవర్గం మారితే తప్పేమిటి?

గాజువాక గొంతు:
ఇదీ అసలు రంగు! మీకు నచ్చినది ప్రజాతీర్పు, నచ్చనిది దౌర్జన్యం. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉపఎన్నికలో వైకాపాకు 683 ఓట్లు వచ్చి డిపాజిట్ పోయింది. అక్కడ తమ ఏజెంట్లను కూర్చోనివ్వలేదనీ ఓటర్లను రానివ్వలేదనీ ఆ పార్టీ ఆరోపించింది. 2021లో మీరన్న మాటలే కదా అవి? అది కూడా మారిన ప్రజాభిప్రాయమేనా?

బొబ్బిలి బాబు:
ఈ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా నేను ఇక్కడే కూర్చుంటాను.

మధురవాడ మాస్టారు:
నా దృష్టిలో 2021 చెల్లుతుంది, 2025 మేయరు మార్పూ చెల్లుతుంది. పాలకవర్గానికి నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టరాదన్న నిబంధన ఉంది, 2021 మార్చి 18న ఎన్నికైన మేయరుకు అవి నిండాకనే నోటీసు ఇచ్చారు. ఎక్స్ అఫీషియో ఓటు 2021 లోనూ చట్టంలో ఉన్నదే. ఆ ఏడాది కడప జిల్లా మైదుకూరు పురపాలక సంఘంలో తెలుగుదేశానికి ఎక్కువ వార్డులు వచ్చినా ఛైర్మన్ పదవి ఆ ఓట్లతోనే వైకాపాకు వెళ్లింది. అప్పుడు చేదైన మందు ఇప్పుడు తీపి కాకూడదు. ఇది రెండు పక్షాలకూ చెబుతున్నాను.

పూర్ణా మార్కెట్:
మాస్టారికి అన్నీ చెల్లుతాయి. చెల్లనిది మా చెత్త పన్ను రసీదు ఒక్కటే.

చోడవరం వాసి:
మాస్టారూ, మీకు కాగితం మీద సంతకం ఉంటే చాలు, ఆ సంతకం వెనుక ఏం జరిగిందో అక్కరలేదు. ఇన్నాళ్లూ ఇక్కడ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఆ 2,371లో మాదీ ఒకటి. నేనే నామినేషన్ వేశాను. పార్టీ పేరు, ఊరి పేరు రాయను, ఇంకా ఆ మనుషుల మధ్యే బతకాలి. ఉపసంహరణ రోజు పొద్దున్న రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. అవతలి పక్షం వాళ్లు బెదిరిస్తారని నేను సిద్ధపడే వెళ్లాను. తీరా చూస్తే నా పక్కన కూర్చోవలసిన మా నాయకుడే అవతలివారి పక్కన కూర్చుని, 'ఈసారికి నువ్వు తగ్గు, సొసైటీ మనకి ఇస్తారట' అన్నాడు. ఉపసంహరణ కాగితం ముందే నింపి ఉంది, నా తండ్రి పేరులో ఒక అక్షరం తప్పుగా రాశారు, దాన్ని కొట్టివేసి దిద్దుతున్నంతసేపూ ఎవరూ నా ముఖం చూడలేదు. ఓడిపోతే ఊరుకునేవాణ్ణి. నా వీధివాళ్లు నాకు ఓటు వేస్తారో వేయరో తెలుసుకునే హక్కు నాకు లేకుండా చేశారు.

గాజువాక గొంతు:
అయితే మీ కోపం వైకాపా మీద కాదు, మీ నాయకుడి మీద. మొదటినుంచీ అధికార పక్షం దౌర్జన్యమని ఎందుకు రాస్తున్నట్లు?

చోడవరం వాసి:
రెండూ ఉన్నాయి కాబట్టి. బెదిరించేవాడు ఉంటేనే బేరం కుదిర్చేవాడికి గిరాకీ. పంచాయతీలకు ఏకగ్రీవమైతే జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకం ఇస్తామని ఆనాటి ప్రభుత్వమే ప్రకటించింది. పోటీ చేయడం ఊరికి నష్టం చేయడమే అన్నట్లు మాట్లాడటానికి ప్రతి పెద్దమనిషికీ సాకు దొరికింది.

మధురవాడ మాస్టారు:
మీ బాధ అర్థమైంది, బాబూ. కానీ కఠినంగానే అంటాను, ఆ కాగితం మీద ఉన్నది మీ సంతకం. రిటర్నింగ్ అధికారికి అరుగు మీది మాటలు వినపడవు. వినాలని మొదలుపెడితే ఓడిన ప్రతివాడూ తన ఊరి అరుగు కథ తెస్తాడు, అప్పుడు ఏ ఫలితమూ నిలవదు. 2021 ఏప్రిల్‌లో పోలైన పెట్టెలు కోర్టు వివాదాల వల్ల సెప్టెంబరు 19 దాకా గదుల్లో మూలిగాయి. నేను తెరిచిన పెట్టెలో ఎంపీటీసీ గులాబీ పత్రాలు చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఒక్కొక్కటీ గోటితో విడదీసి, ఏజెంటుకు చూపించి, 25 చొప్పున కట్టలు కట్టాము. ఒక్క ఓటు కూడా పోకూడదని అంత శ్రమ పడ్డవాళ్లకు ఆ ఎన్నిక బూటకమని చెబితే నొప్పి కలగదా?

చోడవరం వాసి:
కలుగుతుంది. కానీ మీరు విడదీసిన పత్రాల్లో మా ఊరిది ఒక్కటైనా లేదు. నేను చెబుతున్నది అదే. పడిన ఓట్లను మీరు నిజాయతీగా లెక్కించారు, దాన్ని నేను ఏనాడూ ప్రశ్నించలేదు. పడనివ్వని ఓట్లను ఎవరి ఖాతాలో వేయాలన్నది నా ప్రశ్న. మీరు వాటిని గెలిచినవాడి ఖాతాలో వేసి '13కి 13' అంటున్నారు.

సాగరతీరం:
చర్చ ఇప్పటికి అసలు చోటికి వచ్చింది. మాస్టారు అడుగుతున్నది ఫలితం చెల్లుతుందా అని, చోడవరం వాసి గారు అడుగుతున్నది ఆ ఫలితం జనం గురించి ఏమైనా చెబుతుందా అని. ఇంతసేపూ ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తున్నారు.

మన్యం ఆడపడుచు:
నగరం, మైదానం తప్ప మీకు జిల్లా కనిపించదు కాబట్టి నేను రాయవలసి వస్తోంది. 2021 అంతా బెదిరింపేనని చోడవరం అన్నగారు అంటున్నారు. మా మన్యంలో 2021లో ఏ పార్టీ గెలిచిందో, రాష్ట్రమంతా అటు తిరిగిన 2024లోనూ అరకు, పాడేరుల్లో అదే గెలిచింది. మా ఓటును ఎవరి ఖాతాలో వేస్తారు? మాది బేరం కాదు, బెదిరింపూ కాదు. పోలింగ్ కేంద్రానికి గెడ్డ (వాగు) దాటి, చంకలో పిల్లతో నడిచి వెళ్లి వేసిన ఓటు. ఇంకొక సంగతి. విశాఖ జిల్లా పరిషత్ అధ్యక్షురాలు సుభద్ర గారు మా ముంచంగిపుట్టు నుంచి ఎన్నికైన గిరిజన మహిళ. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, మేము అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాము, జిల్లా పరిషత్ మాత్రం పాత హద్దులతోనే విశాఖలో ఉండిపోయింది. మా కలెక్టరు పాడేరులో, మా పరిషత్తు ఘాట్ రోడ్డు దిగువన. రేపు కొత్త జిల్లాల వారీగా పరిషత్తులు ఏర్పడితే ఈ '13కి 13'తో ఏ ఫలితాన్ని పోల్చి ఎవరు గెలిచారంటారు?

గాజువాక గొంతు:
అమ్మా, మన్యం మా పార్టీకి కంచుకోట అని నేను ఎప్పుడూ చెబుతూనే ఉన్నాను.

మన్యం ఆడపడుచు:
కోట అన్నవాళ్లెవరూ ఆ గెడ్డ మీద కాలిబాట వంతెన వేయలేదు. నా ప్రశ్న అది కాదు.

మధురవాడ మాస్టారు:
అమ్మా, పోల్చకూడదు. హద్దులు మారితే పాత ఫలితానికీ కొత్త ఫలితానికీ లెక్క కుదరదు, మండలాల వారీగా విడదీసి చూడవలసిందే. నగరంలోనూ అంతే. 2007లో 72 వార్డులకు జరిగిన ఎన్నికనూ, భీమిలి, అనకాపల్లి కలిశాక 98 వార్డులకు జరిగిన ఎన్నికనూ పక్కపక్కన పెట్టేవారిని చూస్తే నాకు చిరాకు. ఆ మధ్యలో 2012 నుంచి 2021 దాకా ఈ మహానగరానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. ఐదేళ్లు నిండకముందే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం 243-యు అధికరణం చెబుతున్నా, అధికారులే ఏలారు. అన్ని పార్టీలూ ఆ తొమ్మిదేళ్లలో వంతులవారీగా మౌనం వహించాయి.

చోడవరం వాసి:
చూశారా, ఎన్నికే జరగకపోతే మీకూ కోపం వస్తోంది. తొమ్మిదేళ్లు నగరానికి జరగనిది తప్పయితే, మా ఊరికి ఒక్కసారి జరగనిది తప్పెందుకు కాదు?

మధురవాడ మాస్టారు:
అక్కడ నోటిఫికేషనే రాలేదు. మీ ఊరికి వచ్చింది. రెండూ ఒకటి కావు.

బొబ్బిలి బాబు:
పులివెందుల ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

చోడవరం వాసి:
పులివెందులలో ఓటరును నిజంగా ఆపి ఉంటే అదీ తీర్పు కాదు. రాసుకోండి. మాస్టారూ, ఈసారి మళ్లీ నామినేషన్ వేస్తున్నాను, ఏ పార్టీ గుర్తూ లేకుండా. ఉపసంహరణ కాగితం అభ్యర్థే స్వయంగా ఇవ్వాలా, ప్రతిపాదించినవాడు పట్టుకెళ్లినా తీసుకుంటారా? మీకు తెలిసినంత వివరంగా చెప్పండి.