నెలవారీ కస్టమర్లను కూడితే టోటల్‌తో సరిపోవట్లేదు - పవర్ బీఐ

లెక్కలపిచ్చి
పవర్ బీఐలో (రిపోర్టులు చేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) నెలనెలా ఎంతమంది కస్టమర్లు కొన్నారో చూపే టేబుల్ చేశాను. నెలల అంకెలన్నీ కూడితే కింది టోటల్ కంటే బాగా ఎక్కువ వస్తోంది. మా సేల్స్ మేనేజర్ రిపోర్టే తప్పంటున్నారు. రేపు మీటింగ్, టెన్షన్‌గా ఉంది. మీలో ఎవరికైనా ఇలా వచ్చిందా?

గోడమీదపిల్లి
రిపోర్టు కరెక్టేనండీ. డిస్టింక్ట్‌కౌంట్ వాడి ఉంటారు, అది ఒకే మనిషి ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారే లెక్కేసే ఫార్ములా. జనవరిలోనూ మార్చిలోనూ కొన్న మనిషి రెండు నెలల్లోనూ కనిపిస్తాడు, ఏడాది మొత్తానికి మాత్రం ఒక్కడే. టోటల్ వరుస పై అంకెలను కూడదు, మొత్తం డేటా మీద మళ్లీ లెక్కేస్తుంది. టాబ్లో అనే ఇంకో రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటిదే కౌంట్‌డీ వాడినా టోటల్ ఇదే కథ.
కస్టమర్ ఐడీ లేని బిల్లులున్నాయేమో కూడా చూడండి. డిస్టింక్ట్‌కౌంట్ ఆ ఖాళీ మొత్తాన్నీ ఒక కస్టమర్‌గా లెక్కేస్తుంది. వద్దనుకుంటే డిస్టింక్ట్‌కౌంట్‌నోబ్లాంక్ ఉంది.

రాత్రిషిఫ్ట్
ఈమెయిల్‌నే ఐడీగా పెట్టుకున్నవాళ్లకు ఇంకో తలనొప్పి. పవర్ క్వెరీకి (పవర్ బీఐలో డేటాను ముందుగా శుభ్రం చేసే చోటు) ఇంగ్లిష్ పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. కాబట్టి ఒకే ఈమెయిల్ రెండు రకాలుగా టైప్ అయి ఉంటే 'రిమూవ్ డూప్లికేట్స్' నొక్కినా రెండూ మిగిలిపోతాయి. మోడల్లోకి, అంటే టేబుల్స్‌ను కలిపి లెక్కలు వేసే చోటికి, వెళ్లాక ఆ రెండూ ఒకటే! అప్పుడు కస్టమర్ టేబుల్‌లో డూప్లికేట్లున్నాయని రిలేషన్‌షిప్ (రెండు టేబుల్స్‌ను కలిపే లింకు) దగ్గర ఎర్రర్ కొడుతుంది. ఎంత వెతికినా కంటికి దొరకదు. చివర్లో స్పేస్ మిగిలిపోయినా ఇంతే. ముందు ట్రిమ్ (అటూ ఇటూ ఉన్న స్పేస్‌లు తీసేయడం), తర్వాత లోవర్‌కేస్ (అన్నీ చిన్నక్షరాలు చేయడం), ఆ తర్వాతే డూప్లికేట్లు తీయండి. డూప్లికేట్లు ముందే తీసేస్తే లాభం లేదు.

సగటుజీవి
లెక్క కుదిరాక ఆర్ఎఫ్ఎం చేయండి బ్రో, అంటే కస్టమర్లకు స్కోర్ వేసే పద్ధతి. చివరిసారి ఎప్పుడు కొన్నారు, ఎన్నిసార్లు, ఎంతకు - మూడింటికీ 1 నుంచి 5 స్కోర్. మంచి కస్టమర్లెవరో వెంటనే తేలిపోతుంది.

గోడమీదపిల్లి
నాకైతే దానిమీద అంత నమ్మకం లేదు. చాలా వ్యాపారాల్లో ఎక్కువమంది ఒక్కసారే కొంటారు. స్కోర్ కోసం అలాంటి జనాన్ని ఐదు సమాన భాగాలు చేస్తే, ఒక్కసారే కొన్నవాళ్లలో కొందరికి 1, కొందరికి 3 పడుతుంది. ఆ తేడాకు అర్థమేముంది? 'ఎన్నిసార్లు' అన్నదానికి హద్దులు మనమే పెట్టుకోవాలి: ఒకసారి, రెండుసార్లు, అంతకు మించి. నన్నడిగితే మొదటిసారి కొన్న నెలను బట్టి గుంపులు చేసి, ప్రతి గుంపులో ఎంతమంది మళ్లీ వచ్చారో చూడటమే మేలు.

సగటుజీవి
హద్దుల సంగతి ఒప్పుకుంటా. కానీ ఆఫర్ మెసేజ్ ఎవరికి పంపాలో ఆ గుంపుల టేబుల్ చెప్పదు కదా. దానికి ఆర్ఎఫ్ఎమ్మే కావాలి.

కీబోర్డుకాకి
ఇంత చేశాక పైవాళ్లు అడిగేది "ఎక్సెల్‌లోకి ఎలా దించాలి?" అనే :)
అన్నట్టు, ఫోన్ నంబర్లు రిపోర్టులో పెట్టకండి. రో లెవల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరుసలు కనిపించాలో పెట్టే హద్దు) ఉందిలే అనుకుంటారు గానీ, వర్క్‌స్పేస్‌లో (టీమ్ రిపోర్టులు పెట్టుకునే చోటు) అడ్మిన్, మెంబర్, కంట్రిబ్యూటర్ ఎవరికీ అది అడ్డు పడదు. చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న వ్యూయర్లకే వర్తిస్తుంది.

లెక్కలపిచ్చి
థాంక్సండీ అందరికీ. ఒక్క కస్టమర్‌ను ఫిల్టర్ చేసి చూపించాను: మూడు నెలల్లో 1, 1, 1, కింద టోటల్ 1. మేనేజర్ గారు వెంటనే ఒప్పుకున్నారు. ఐడీ లేని బిల్లులు మాత్రం బోలెడు బయటపడ్డాయి. వాటిని పక్కన పెట్టేయాలా, 'తెలియని కస్టమర్' అని విడిగా చూపించాలా? మీరేం చేస్తున్నారు?

రాత్రిషిఫ్ట్
విడిగా చూపించండి. తీసేస్తే అమ్మకాల మొత్తం అకౌంట్స్ వాళ్ల లెక్కతో కలవదు, అప్పుడు ఇంకో మీటింగ్.